వంశవృక్షంలో అమ్మ పేరు

ఆదివారం పొద్దున రాంనగర్‌లో ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడాలంటే వీధివైపు కిటికీ మూసుకోవాల్సిందే. చేపల మార్కెట్టుకొచ్చే జనం, బళ్ళ రొద అలా ఉంటుంది. మొన్న అలాగే కిటికీ మూసేసి, గోంగూర ఒలుచుకుంటూ అమెరికాలో ఉన్న మా అక్కతో మాట్లాడుతున్నాను. మధ్యలో దాని పన్నెండేళ్ళ కూతురు ఫోన్ లాక్కుని, పిన్నీ, నాకు అర్జంటుగా పేర్లు కావాలంది. బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. నాన్నవైపు ఎంతమంది తెలిస్తే అంతమంది, అమ్మవైపు ఎంతమంది తెలిస్తే అంతమంది రాయాలట.

అదెంతసేపు అనుకున్నాను. బావగారి వైపు పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. వాళ్ళ పెద్దవాళ్ళెవరో ఒక నోటు పుస్తకంలో ఏడు తరాల పేర్లు రాసిపెట్టారు. అన్నీ మగవాళ్ళ పేర్లే. అమ్మవైపు పని నామీద పడింది. మా అమ్మ పేరు రాయించాను. అమ్మమ్మ పేరు రాయించాను. అమ్మమ్మ వాళ్ళమ్మ దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయింది. అమ్మనడిగితే, ఆవిణ్ణి మేమంతా బందరు అమ్మమ్మ అనేవాళ్ళం, పేరెవరు పిలిచారు గనక అంది. ఆవిడ భర్త పేరు తెలుసు. ఆయనకెన్ని ఎకరాలుండేవో తెలుసు. వాళ్ళింట్లో ఆవు పేరు గౌరి అని కూడా అమ్మకి గుర్తుంది. ఆ ఆవుకి కుడితి పెట్టిన ఆవిడ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు!

మా పిల్ల డీలా పడిపోయింది. దాని స్నేహితురాలు ఏకంగా మూడొందల ఏళ్ళ వెనక్కి వెళ్ళిందట. ఓడెక్కి కరోలినాలో దిగిన మొదటి తాతగారి దాకా అన్ని పేర్లూ దొరికాయట.

కరోలినా అనగానే నాకు మా కాలేజీ గుర్తొచ్చింది. కోఠీ ఎక్కడ, కరోలినా ఎక్కడ అని మీరు నవ్వుకోవచ్చు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రెండింటికీ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం పేరు కిట్టీ కిర్క్‌పాట్రిక్. మన హైదరాబాదు పిల్ల. ఆవిడ వంశవృక్షం గీయడానికి కూర్చుంటే ఒక కొమ్మ అమెరికాకి, ఒక కొమ్మ ఇరాన్‌కి వెళ్తుంది. అందులో అమ్మవైపు కొమ్మ తెగిపోకుండా కాపాడిందెవరో మీకు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

కరోలినా డాక్టరుగారు

ముందు నాన్నవైపు కొమ్మ చూద్దాం. జేమ్స్ కిల్‌పాట్రిక్ అని ఐర్లండ్ నుంచి వెళ్ళిన వైద్యుడొకాయన దక్షిణ కరోలినాలోని చార్లెస్‌టౌన్‌లో స్థిరపడ్డాడు. అప్పటికింకా అమెరికా అనే దేశమే పుట్టలేదు. అదంతా ఇంగ్లీషువాళ్ళ వలస. 1738లో ఆ ఊరికి మశూచి వచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చిన ఓడ మోసుకొచ్చిన జబ్బది. మనవాళ్ళు అమ్మవారు పోసిందని వేపాకులు కట్టుకుని భయంభయంగా గడిపినట్టే అక్కడా ఊరు ఊరంతా గడగడలాడింది. డాక్టరుగారి పిల్లల్లోనే ఒకరు పోయారు. ఆ దుఃఖంలో ఆయన ఒక సాహసం చేశాడు. మశూచి పొక్కులోని రసాన్ని చర్మం గీరి ఎక్కించే పద్ధతి ఒకటి అప్పట్లో ఉండేది. జబ్బు కొద్దిగా వచ్చి తగ్గిపోతుంది, మళ్ళీ రాదు. ఆ పద్ధతి మన దేశంలో అంతకుముందే ఉంది. గోవు మశూచితో జెన్నర్ టీకా కనిపెట్టింది ఆ తర్వాతెప్పుడో, 1796లో. కిల్‌పాట్రిక్ దాన్ని ముందు సొంత భార్యకీ మిగిలిన ఇద్దరు పిల్లలకీ ఎక్కించాడు. వాళ్ళు బతికారు. ఆ తర్వాత ఊళ్ళో వందలమందికి అదే పద్ధతిలో వేశారు. దానిమీద ఆ ఊరి డాక్టర్ల మధ్య పెద్ద పోట్లాటే జరిగిందనుకోండి.

1742లో ఆయన లండన్ వెళ్ళిపోయి, కిల్‌పాట్రిక్ అన్న ఇంటిపేరుని కిర్క్‌పాట్రిక్ అని మార్చుకున్నాడు. మశూచి టీకా గురించి పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన కొడుకు కరోలినా తోటల్లో పుట్టినవాడు. కుంపిణీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. మనిషి మహా అందగాడట. అందరూ ఆయన్ని అందగాడు కల్నల్ అనే పిలిచేవారు. మద్రాసులోనే కేథరిన్ మన్రో అనే డాక్టరుగారమ్మాయిని పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసు కోటలో పుట్టాడు. తల్లి రెండేళ్ళకే పోయింది.

ఇంతవరకూ గీయడం సులువే. పేర్లున్నాయి, తారీఖులున్నాయి. అన్నీ ఎక్కడో ఒకచోట రాసి ఉన్నాయి.

కోఠీ తోటలో

జేమ్స్ 1795లో హైదరాబాదు వచ్చాడు. రెండు మూడేళ్ళలో నిజాం దగ్గర కుంపిణీ రెసిడెంటయ్యాడు. వచ్చింది ఇంగ్లీషువాళ్ళ పని చక్కబెట్టడానికి. 1798 ఒప్పందం ఆయన చేతిమీదుగానే జరిగింది. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి పటాలాన్ని ఆయుధాలు కింద పెట్టించిందీ ఆయనే. కానీ మనిషి మాత్రం ఊరికి దాసోహమైపోయాడు. పార్సీ, ఉర్దూ మాట్లాడేవాడు, మొఘలాయీ దుస్తులు వేసుకునేవాడు. నిజాం అలీఖాన్ ఆయనకి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు.

1798 డిసెంబరులో ఒక పెళ్ళి. పెళ్ళికూతురు చెల్లెలు ఖైరున్నీసా తెర చాటునుంచి ఈ దొరని చూసింది. ఇరాన్ మూలాలున్న సయ్యదుల ఇంటి పిల్ల. అప్పటికే వేరే సంబంధం ఖాయమైంది. ఇవాళైతే మనం బడికి పంపే వయసు. ఆ రోజుల్లో అదే పెళ్ళీడు. తాత బాకర్ అలీఖాన్ ఒప్పుకోలేదు. ఊరంతా గుసగుసలు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీకి ఫిర్యాదులు వెళ్ళి విచారణ కూడా జరిగింది. ఇంట్లో మగవాళ్ళంతా ఒకవైపుంటే, తల్లి షరఫున్నీసా కూతురి పక్షాన నిలబడింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. చివరికి జేమ్స్ ముస్లిమయ్యాడు, నిఖా జరిగింది. 1801 మార్చి 4న కొడుకు పుట్టాడు, 1802 ఏప్రిల్ 9న కూతురు పుట్టింది. ఆ పాప పేరు నూరున్నీసా. ముద్దుగా సాహెబ్ బేగం.

రాంనగర్ నుంచి నారాయణగూడ, కాచిగూడ మీదుగా రోజూ బస్సులో పడి నేను చదువుకోడానికి వెళ్ళిన కోఠీ ఉమెన్స్ కాలేజీ ఈ జేమ్స్ దొర కట్టించిన రెసిడెన్సీయే. 1803 ప్రాంతంలో మొదలుపెట్టారు. ఎత్తయిన స్తంభాలు, విశాలమైన మెట్లు, మెట్లకి రెండువైపులా రాతి సింహాలు. ఈ కోఠీ వల్లే ఆ ప్రాంతానికి కోఠీ అన్న పేరొచ్చింది. 1949లో కాలేజీ ఇందులోకి వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. ఆ సింహాల పక్కన కూర్చుని మేం టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళం. వెనక తోటలో ఒకప్పుడు రంగ్ మహల్ ఉండేదని, ఖైరున్నీసా అందులో పరదాలో ఉండేదని చెప్పుకునేవాళ్ళు. ముందువైపు కట్టిన భవనం చూడ్డానికి ఆవిడ బయటికి రాకూడదు గనక, అచ్చం అలాంటిదే చిన్న బొమ్మ భవనం చేయించి ఆవిడ తోటలో పెట్టించాడట దొర. ప్రేమంటే అదీ అని మా బ్యాచ్ ఆడపిల్లలమంతా నిట్టూర్చేవాళ్ళం. ఇప్పుడాలోచిస్తే ఇంకోటి తోస్తోంది. భర్త కట్టిన ఇంటి ముందు వాకిలి ఎలా ఉంటుందో బొమ్మలో చూసుకోవాల్సి వచ్చిన ఇల్లాలు ఆవిడ!

ఓడెక్కిన పిల్లలు

పిల్లలకి చదువు కావాలి. ఇక్కడే ఉంటే దొరల లెక్కలో దొరలు కారు, నవాబుల లెక్కలో నవాబులు కారు. అందుకని వాళ్ళని ఇంగ్లండులో ఉన్న తండ్రి దగ్గరికి పంపేయాలని జేమ్స్ నిర్ణయించుకున్నాడు. అంటే కరోలినాలో పుట్టిన ఆ అందగాడు కల్నల్ దగ్గరికి. 1805లో మద్రాసులో, ఓడెక్కే ముందు, జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు పిల్లలిద్దరి బొమ్మ గీశాడు. తల నిండా టోపీలు, ఒంటినిండా జరీ బట్టలు, నిండు హైదరాబాదీ వేషం. పిల్లాడికి నాలుగున్నరేళ్ళు. పిల్లకి మూడేళ్ళ మీద కొన్ని నెలలు. సెప్టెంబరు 9న ఓడ కదిలింది.

మూడేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుందంటాం. కానీ ఆ రోజు తల్లి జుట్టు పీక్కుంటూ ఏడ్చిన ఏడుపు, ఆవిడ కూర్చున్న చోటు కిట్టీకి జీవితాంతం గుర్తున్నాయి. నలభై ఏళ్ళ వయసులో కూడా ఆవిడ దాన్ని కళ్ళకి కట్టినట్టు రాసింది.

ఓడ వెళ్ళి నెలన్నా సరిగ్గా తిరిగిందో లేదో, అక్టోబరు 15న జేమ్స్ కలకత్తాలో జబ్బుచేసి చనిపోయాడు. అప్పటికి నలభై ఒక్కేళ్ళు. పిల్లలింకా సముద్రం మీదే ఉన్నారు.

ఇంగ్లండులో 1806 మార్చి 25న పిల్లలకి బాప్తిస్మమిచ్చారు. పిల్లాడు విలియం జార్జి అయ్యాడు. నూరున్నీసా కేథరిన్ ఆరోరా అయింది. కేథరిన్ నాయనమ్మ పేరు. నూర్ అంటే వెలుగు. ఆరోరా అంటే ఉషస్సు. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ పాత పేరు నీడ కొంచెం మిగిలింది. పిలుపు మాత్రం కిట్టీ. ఆ రోజుతో వాళ్ళకీ హైదరాబాదుకీ మధ్య ఉత్తరం ముక్క లేదు. పెళ్ళిలో మనకి ఇంటిపేరు మారుతుంది. ఈ పిల్లకి మూడేళ్ళకే పేరు, మతం, భాష, తల్లి, అన్నీ మారిపోయాయి.

బందరులో ఖైరున్నీసా

మరి తల్లి సంగతి? భర్త సమాధి చూసుకోడానికి ఖైరున్నీసా తల్లిని వెంటబెట్టుకుని 1806లో కలకత్తా వెళ్ళింది. అక్కడ భర్త దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్ అనే కుర్ర అధికారి తోడయ్యాడు. ఆ తోడు ప్రేమయింది. ఊళ్ళో పరువు పోయిందని హైదరాబాదు పెద్దలు ఆవిణ్ణి తిరిగి రానివ్వలేదు. మచిలీపట్నంలో ఉంచారు. రస్సెల్ మద్రాసు వెళ్ళి వేరే పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ సముద్రపు ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉండిపోయింది.

బందరు అమ్మమ్మ పేరు కోసం వెతుకుతున్న నాకు ఇక్కడికొచ్చేసరికి మనసు చివుక్కుమంది. బిడ్డలు వెళ్ళిన సముద్రాన్ని చూస్తూ అదే బందరులో ఒక తల్లి ఎన్ని సాయంత్రాలు గడిపిందో ఎవరు రాశారు? చివరికి హైదరాబాదు రానిచ్చారు. 1813 సెప్టెంబరు 22న ఖైరున్నీసా చనిపోయింది. ముప్ఫై ఏళ్ళు నిండలేదు. మంచం పక్కన బిడ్డలు లేరు. అమ్మ షరఫున్నీసా మిగిలింది.

ఇంగ్లండులో కిట్టీ

కిట్టీ తాతగారింట్లో పెరిగింది. 1812లో అన్న సలసల కాగే నీళ్ళ కాగులో పడి అవిటివాడయ్యాడు. 1818లో తాత పోయాక కిట్టీ పెదతండ్రి కూతుళ్ళ ఇళ్ళలో ఉంది. చక్కని చుక్క, మంచి మాటకారి, పైగా తండ్రి వదిలిన ఆస్తి ఉంది. ఆ బంధువుల పిల్లలకి పాఠాలు చెప్పడానికి కుదిరిన పేద మాష్టారొకాయన ఆవిణ్ణి చూసి మైమరచిపోయాడు. ఆయనే తర్వాత మహా రచయితగా పేరుపొందిన థామస్ కార్లైల్. 1824లో బంధువులతో కలిసి పారిస్ ప్రయాణం కూడా చేశారు. పంతులుగారికి పిల్లనెవరిస్తారు? పెళ్ళిదాకా రాలేదు. 1833, 34లలో వచ్చిన ఆయన ప్రసిద్ధ రచన సార్టర్ రిసార్టస్‌లో బ్లూమిన్ అనే నాయిక కిట్టీయేనని చాలామంది అంటారు.

1828లో అన్న చిన్న వయసులోనే పోయాడు. హైదరాబాదు జ్ఞాపకాలు పంచుకోడానికున్న ఒక్క మనిషీ పోయాడు. మరుసటి ఏడు కిట్టీ, కెప్టెన్ ఫిలిప్స్ అనే సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది. ఏడుగురు పిల్లలు పుడితే నలుగురు దక్కారు. టార్కీ అనే సముద్రపు ఊళ్ళో సంసారం. చూసేవాళ్ళకి ఆవిడ పూర్తిగా ఇంగ్లీషు ఇల్లాలే.

అమ్మమ్మ ఉత్తరాలు

1841లో కిట్టీ ఎవరితోనో కలిసి స్వాలోఫీల్డ్ అనే భవంతికి చూడ్డానికి వెళ్ళింది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడమీద జరీ టోపీల్లో ఇద్దరు పిల్లలు. తనూ, అన్నా! చూస్తూ చూస్తూ నిలబడ్డచోటే భోరుమంది. ఆ ఇల్లు హెన్రీ రస్సెల్‌ది. తల్లిని బందరులో వదిలేసిన ఆ మనిషే హైదరాబాదు రెసిడెంటుగా పనిచేసి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆ చిత్రం అతని దగ్గరుండిపోయింది. ఆనక అది కిట్టీకి చేరింది.

ఆ పరిచయంతోనే ఒక కబురు తెలిసింది. హైదరాబాదులో అమ్మమ్మ ఇంకా బతికే ఉంది!

రెసిడెన్సీలో పనిచేసే డంకన్ మాల్కం అనే అధికారి ఇద్దరి మధ్యా వారధి అయ్యాడు. మనవరాలు ఇంగ్లీషులో రాసేది, అమ్మమ్మకి పార్సీలో వినిపించేవారు. అమ్మమ్మ పార్సీలో రాయించేది, మనవరాలికి ఇంగ్లీషులో చేరేది. ముప్ఫై ఆరేళ్ళ మౌనం తర్వాత ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరాడవాళ్ళు, నెలల తరబడి ఓడల్లో ప్రయాణం చేసే కాగితాల మీద కూర్చుని కబుర్లాడుకున్నారు. తల్లి ఎలా ఉండేది, తనని ఎలా పెంచింది, తండ్రి ఎలాంటివాడు, అన్నీ మనవరాలికి కావాలి. పోయిన కూతురు వదిలిన బిడ్డ ఎలా ఉందో, దాని పిల్లలు ఎవరి పోలికో, అవన్నీ అమ్మమ్మకి కావాలి. అప్పటికి షరఫున్నీసా బాగా పెద్దదయింది. పూర్వపు వైభవమేమీ మిగల్లేదు. మిగిలింది జ్ఞాపకం ఒక్కటే. దాన్నే మనవరాలికి సారె పెట్టింది.

ఆరేళ్ళు సాగాయి ఆ ఉత్తరాలు. ఒకరినొకరు చూసుకోలేదు. 1847 జులై 21న షరఫున్నీసా హైదరాబాదులో కన్నుమూసింది. కిట్టీ 1889లో టార్కీలో పోయింది. ఓడెక్కిన మూడేళ్ళ పిల్ల ఎనభై ఏడో ఏట దాకా బతికినా, మళ్ళీ ఈ ఊరు చూడలేదు.

2002లో విలియం డాల్‌రింపుల్ రాసిన వైట్ మొఘల్స్ పుస్తకంతో ఈ కథ లోకానికంతటికీ తెలిసింది. కుంపిణీ కాగితాల్లో జేమ్స్ దొర గురించి కట్టలకొద్దీ ఉంది. ఖైరున్నీసా గురించి ఉన్నదల్లా ఆవిడ మీద జరిగిన విచారణలు, ఆవిడ గురించి మగవాళ్ళు రాసుకున్న ఉత్తరాలు. ఒక తల్లిగా, కూతురుగా ఆవిడ మనకి కనిపించేది అమ్మమ్మా మనవరాళ్ళు రాసుకున్న ఆ కాసిని ఉత్తరాల్లోనే. కరోలినా కొమ్మ పుస్తకాల్లో ఎక్కి దానంతటదే బతికింది. హైదరాబాదు కొమ్మ ఒక ముసలమ్మ ఓపికవల్ల బతికింది.

ఇదంతా ఆ సాయంత్రం మా పిల్లకి కథలా చెప్పాను. మర్నాడు అమ్మవాళ్ళింటికి వెళ్ళి అటక ఎక్కాను. అమ్మమ్మ పెళ్ళికి వాళ్ళమ్మ పెట్టిన ఇత్తడి బిందె ఒకటి ఉండాలి. పూర్వం సారె సామాన్ల మీద పెట్టినవాళ్ళ పేరు చుక్కలతో చెక్కించేవారు కదా! చింతపండు వేసి గంటసేపు తోమాను. అంచుకింద చుక్కలు తేలాయి. కానీ ఎన్ని నడుముల మీద ఒరుసుకుందో ఏమో, పేరంతా అరిగిపోయి చివర మ్మ ఒక్కటే మిగిలింది. మన ముత్తవ్వల పేర్లలో సగానికి సగం మ్మతోనే అయిపోతాయి. ఎవరని చెప్పను?

ఆ బిందె ఫోటో మా పిల్లకి పంపాను. ఆ గడి ఖాళీగా వదలొద్దన్నాను. అది బందరు అమ్మమ్మ అని రాసి, పక్కన చిన్న బిందె బొమ్మ గీసిందట. టీచరు అదేమిటని అడిగితే క్లాసులో నిలబడి కథంతా చెప్పిందట.

చెల్లెళ్ళూ, అక్కయ్యలూ, మీ ఇంట్లో ఇంకా అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ ఆదివారం వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. పక్కన కూర్చుని వాళ్ళమ్మ పేరు, వాళ్ళమ్మమ్మ పేరు అడిగి పద్దుల పుస్తకం వెనక పేజీలోనైనా సరే రాసిపెట్టండి. బిందె మీద చెక్కించిన పేరే అరిగిపోయింది. అడగని పేరు ఇంకెంతకాలం నిలుస్తుంది?